శ్రీశైలం యాత్ర: ఎడమ కిటికీలు బిడ్డలకే ఇద్దాం



సంక్రాంతి దాటాక మన సంఘం తరఫున శ్రీశైలం పోవాలని నిర్ణయమైంది. మొత్తం 42 మంది పేర్లిచ్చారు. పొద్దున విమానంలో చెన్నై నుంచి హైదరాబాదు, అక్కడినుంచి బస్సులో శ్రీశైలం, తిరుగు ప్రయాణం రైల్లో. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చింది సీట్ల దగ్గరే. కిటికీ సీటు కావాలంటే విమానం వాళ్లు విడిగా డబ్బు అడుగుతారు, గంట ప్రయాణానికి అదంతా దండగ, ఏ సీటు పడితే ఆ సీటులో కూర్చుందాం అని కొందరి మాట. ఒకవేళ డబ్బు కట్టేపనైతే ఎక్కువ చందా ఇచ్చినవాళ్లకే కిటికీ ఇవ్వాలని మరికొందరి మాట. ఈ రెండింటికీ మేము ఒప్పుకోము.

మేము అనేది ఇది. సంఘం సొమ్ముతోనే విమానంలో ఎడమవైపు కిటికీ సీట్లు 14 తీసుకోవాలి. వాటిలో మన బిడ్డల్ని, ఇంతవరకు విమానం ఎక్కని పెద్దల్ని కూర్చోబెట్టాలి. ఎడమవైపే ఎందుకు, 14 ఎందుకు, ఇందులో సంఘానికి ఏం పని అన్నది వివరంగా రాస్తున్నాము. కాస్త పొడుగే. ఆదివారం మీటింగుకు వచ్చేముందు ఓపిగ్గా చదవండి.

ముందు దారి సంగతి. భారతదేశం పటం తీసుకుని చెన్నై మీద, హైదరాబాదు మీద స్కేలు పెట్టి గీత గీయండి. మేము గీసి చూశాము. 500 కిలోమీటర్ల పైచిలుకు. ఉత్తరానికి పోతూ కొంచెం పడమరకు వాలిన దారి. ఆ రోజు గాలిని బట్టి, ఆకాశంలో రద్దీని బట్టి విమానాన్ని కొంచెం అటూ ఇటూ మళ్లిస్తారు కానీ, మొత్తం మీద దారి ఇదే. ఇప్పుడు గీతకు ఎడమపక్కన ఏమున్నాయో చూడండి.

మీనంబాక్కంలో లేచిన కాసేపటికి పూండి జలాశయం. పావుగంట దాటాక నెల్లూరు జిల్లాలో కండలేరు, కిలోమీటర్ల పొడవునా మట్టికట్ట. అది దాదాపు గీత కిందే ఉంటుంది. దాని వెనకే, పెన్న వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి దిగే చోట సోమశిల. తరవాత కంభం. విజయనగర రాజుల కాలం నాటి చెరువది, కొండల మధ్య సందుకు కట్ట వేసి నీళ్లు నిలిపారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఆపైన నల్లమల అడవి. మన దేశంలో విస్తీర్ణంలో అన్నిటికంటే పెద్ద పులుల అభయారణ్యం అక్కడే ఉంది. అడవి నడుమ లోతైన లోయలో కృష్ణ, దానికి అడ్డంగా శ్రీశైలం ఆనకట్ట, ఆనకట్ట వెనక పడమటికి వేళ్లు చాచినట్టు కొండల్లోకి పాకిన నీళ్లు. లెక్క వేస్తే విమానం లేచిన 35 నిమిషాలకు అటూ ఇటూగా ఇది వస్తుంది. అప్పటికి విమానం హైదరాబాదు కోసం కిందికి దిగుతూ ఉంటుంది కనుక నేల దగ్గరవుతూ ఉంటుంది.

కుడివైపు ఏమీ లేదని మేము అనడం లేదు. మొదట్లో సముద్రం, పులికాట్ సరస్సు కుడివైపే. చివర్లో ఆకాశం తేటగా ఉంటే దూరాన నాగార్జునసాగర్ కూడా కుడివైపే. కానీ ఎడమవైపు కనిపించే వరస ఉంది చూశారా, పూండి, కండలేరు, సోమశిల, శ్రీశైలం, అవి వేరువేరు చెరువులు కావు. అది ఒకటే నీటి దారి. చెన్నైలో మనం కొళాయి తిప్పితే వచ్చే నీళ్లలో ఒక భాగం ఆ దారిలోనే వస్తుంది.

1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు తెలుగు గంగ ఒప్పందం కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణ వాటాలోంచి తలా 5 టీఎంసీలు మదరాసు దాహానికి వదులుకున్నాయి. మొత్తం 15. దారిలో 3 టీఎంసీలు ఆవిరికి పోతాయని లెక్క తీసి, సరిహద్దులో 12 అప్పజెప్పాలని రాసుకున్నారు. నీళ్లు శ్రీశైలం జలాశయం దగ్గర పోతిరెడ్డిపాడులో బయల్దేరి, వెలుగోడు మీదుగా పెన్నకు, సోమశిలకు, అక్కడినుంచి కండలేరుకు, కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో ఊత్తుకోట్టై దగ్గర సరిహద్దుకు, ఆపైన పూండికి చేరాలి. మొదటిసారి నీళ్లు వచ్చింది 1996లో. ఒప్పందానికీ నీళ్లకూ మధ్య 13 ఏళ్లు. ప్రతి ఏడూ ఆ 12 టీఎంసీలు పూర్తిగా రావన్నది కూడా నిజమే. అయినా వచ్చినంత నీళ్లు ఎన్ని ఎండాకాలాల్లో మన బిందెలు నింపాయో ఈ ఊళ్లో కాపురం చేసిన ఆడవాళ్లను అడగండి, చెబుతారు.

ఇంకో లెక్క. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం, ఈ నాలుగూ నిండుగా నిండితే 11 టీఎంసీల చిల్లర. కండలేరు ఒక్కటే 68. సోమశిల 78. కాగితం మీద ఈ అంకెలు చెబితే ఏ బిడ్డకూ ఎక్కవు. పైనుంచి పూండిని చూసి, మరో పది నిమిషాలకు కండలేరును చూసిన బిడ్డకు ఒక్క మాట కూడా చెప్పనక్కరలేదు.

ఇది మన సంఘం పని అని మేమెందుకంటున్నామంటే, ఇక్కడ పుట్టి పెరిగిన మనకు ఆ నేల పటంలో గీతగానే తెలుసు. మాలో చాలామంది తమిళ మీడియంలో చదివినవాళ్లం. కావేరి, పాలారు, వైగై, తామ్రపర్ణి, ఏ కొండలో పుట్టి ఏ ఊరి దగ్గర సముద్రంలో కలుస్తాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాము. అందులో తప్పేమీ లేదు, అవీ మన నదులే, వాటి ఒడ్డునే మన పెద్దల కట్టెలు కాలాయి. కానీ పెన్న అంటే మా బడిలో తెన్‌పెణ్ణై ఒక్కటే. ఇంకో పెన్న ఉందని, అది కడప మీదుగా నెల్లూరు పోయి సముద్రంలో కలుస్తుందని, రెండూ నంది కొండల దగ్గరే పుట్టాయని, ఒకటి తెలుగు సీమకు, ఒకటి తమిళ సీమకు నడిచాయని మాకు తెలిసేటప్పటికి తల నెరిసింది. ఇప్పుడు మన మనవళ్లు ఇంగ్లీషు మీడియం. వాళ్లకు రెండు పెన్నల్లో ఏదీ తెలియదు.

మన ఇంటిపేర్లు చూడండి. సగం ఊరి పేర్లే. ఆ ఊళ్లు నెల్లూరులోనో, ప్రకాశంలోనో, కర్నూలులోనో ఉన్నాయి. పెళ్లి శుభలేఖలో, గుళ్లో అర్చన చీటీలో ఆ పేరు రాసుకుంటాము. ఆ ఊరు కొండ మీదుందో, ఏటి ఒడ్డునుందో మనలో చూసినవాళ్లు ఎందరు? తరాల కిందట మన పెద్దలు ఎడ్లబండ్ల మీద, కాలినడకన దిగివచ్చిన నేలంతా ఒక్క గంటలో కిటికీ కింద నడుస్తుంది. ఇట్లాంటి అవకాశం రైలు ఇవ్వలేదు. రైలు మీద మాకు ఎంత అభిమానమో మీకు తెలుసు, అయినా ఉన్నమాట అనాలి. సాయంత్రం చెన్నైలో రైలెక్కితే పెన్న దాటేసరికి చీకటి, కృష్ణ దాటేసరికి నడిరాత్రి. వంతెన మీద చక్రాల చప్పుడు మారినప్పుడు మెలకువ వస్తే నదికి ఒక దణ్ణం పెట్టుకుని మళ్లీ పడుకుంటాము. పైగా రైలు దారి బెజవాడ మీదుగా పోతుంది, నల్లమల కనిపించదు.

ఇక కిటికీ ఎంచుకోవడంలో మెళకువలు. వీటిని సంఘం యాత్రకే కాదు, మీ సొంత ప్రయాణాలకూ వాడుకోండి.

మొదటిది ఎండ. ఉత్తర దక్షిణాలుగా పోయే విమానంలో పొద్దున పడమటి కిటికీ, సాయంత్రం తూర్పు కిటికీ. ఎండ మన వెనకనుంచి నేల మీద పడితే కొండ, చెట్టు, కట్ట తేటగా కనిపిస్తాయి. ఎండకు ఎదురుగా కూర్చుంటే కళ్లు చెదరడం తప్ప ఏమీ ఉండదు, పక్కవాళ్లు షట్టర్ దించమంటారు. మనం పోయేది పొద్దున, ఉత్తరానికి. పడమర ఎడమవైపు ఉంటుంది. ఆ నీటి దారి కూడా ఎడమవైపే ఉండటం మన అదృష్టం.

రెండోది, పోయేటప్పుడు ఎడమ అయినది వచ్చేటప్పుడు కుడి అవుతుంది. విమానంలో ముందుకు చూసి కూర్చుంటే ఎడమ కిటికీ సీటు ఎ, కుడి కిటికీ సీటు ఎఫ్. హైదరాబాదు నుంచి చెన్నై వచ్చేవాళ్లు శ్రీశైలం చూడాలంటే ఎఫ్ తీసుకోవాలి. అదీ పొద్దుటి విమానమైతేనే మేలు.

మూడోది రెక్క. 180 సీట్ల ఎయిర్‌బస్ 320 అయితే సుమారు 10 నుంచి 19 దాకా వరసలకు రెక్క అడ్డం. కిటికీకి డబ్బు కట్టి రెక్కను చూసి రావడం కంటే తిక్క ఉండదు. ముందు వరసలు అన్నిటికంటే బాగుంటాయి కానీ ఖరీదు. 20 తరవాతి వరసలు సాధారణంగా చవక. అక్కడ ఇంజను వేడిగాలికి చూపు కొంచెం అలలాడినట్టు ఉంటుంది, అంతే. మరి మనకు 20 నుంచి 30 దాకా 11 వరసలు, రెక్కకు ముందు 3 వరసలు దొరికితే 14 అవుతాయి. బోయింగ్ 737 అయితే ఇంకో జాగ్రత్త. వాటిలో కొన్నిటికి రెక్కకు ముందు ఒకటి రెండు వరసల్లో కిటికీయే ఉండదు, ఏసీ గాలి గొట్టం ఆ గోడలోంచి పోతుంది. పేరుకు కిటికీ సీటు, పక్కన చూస్తే గోడ.

నాలుగోది కాలం. వానాకాలంలో పోతే పైనుంచి కనిపించేది మబ్బులే. సంక్రాంతి తరవాత చెన్నై వానలు అయిపోయి ఉంటాయి, చెరువుల్లో ఇంకా నీళ్లుంటాయి. తెల్లవారుజామున మంచు పట్టే రోజులు కనుక మరీ మొదటి విమానం కాకుండా, ఎనిమిది తొమ్మిది గంటల విమానమైతే మంచిదని మా సలహా.

మిగతా రాష్ట్రాల్లోని మనవాళ్లు అడుగుతారు కనుక వాళ్లకూ నాలుగు మాటలు. బెంగుళూరు నుంచి హైదరాబాదుకు పొద్దున పోయేవాళ్లు ఎడమవైపు కూర్చుంటే అనంతపురం, కర్నూలు దగ్గర తుంగభద్ర చూడొచ్చు. ముంబై నుంచి హైదరాబాదుకు వచ్చేవాళ్లకు కుడివైపు భీమ మీద ఉజని జలాశయం, ఇంకా దూరాన మన పద్మశాలీలు మగ్గాలు పెట్టుకుని స్థిరపడిన షోలాపూర్. చెన్నై నుంచి విశాఖకు పోతే ఎడమవైపు తీరం. మొదట దూరంగా ఉన్నా గోదావరి దాటేసరికి దగ్గరవుతుంది. కుడివైపు కూర్చుంటే సముద్రం తప్ప ఇంకేమీ ఉండదు. బరంపురం మనవాళ్లు విశాఖలో దిగి పోతారు కనుక వాళ్లకూ ఇదే. యానాం వాళ్లు రాజమండ్రిలో విమానమెక్కితే ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలే చోటు ఎటువైపు పడుతుందో పటం చూసుకుని సీటు తీసుకోండి. ఆ గౌతమి ఒడ్డునే మీ ఊరు.

ఇప్పుడు 14 సంగతి. ఒక వరసలో ఎడమవైపు మూడు సీట్లు. 42 మందిని మూడుతో భాగిస్తే 14. పేర్లిచ్చినవాళ్లలో బిడ్డలు 9 మంది, మొదటిసారి విమానం ఎక్కే పెద్దలు 5 మంది. సరిగ్గా 14. కిటికీ దగ్గర బిడ్డ, మధ్యలో అవ్వో తాతో, దారి పక్కన మాటిమాటికీ లేవాల్సిన అవసరం ఉన్నవాళ్లు. మధ్యలో కూర్చున్నవాళ్లకూ కిటికీలోంచి కొంత కనిపిస్తుంది, పక్కనున్న బిడ్డకు పేర్లు చెప్పొచ్చు. 12 ఏళ్ల లోపు బిడ్డల్ని అమ్మానాన్నల్లో ఒకరి పక్కనో, తోడు వచ్చిన పెద్దల పక్కనో కూర్చోబెట్టాలని 2024లో డీజీసీఏ విమాన సంస్థలకు ఆదేశం ఇచ్చింది కనుక ఆ జతలు చూసుకునే జాబితా వేయాలి. ఎమర్జెన్సీ తలుపు దగ్గరి వరసలు బిడ్డలకు ఇవ్వరు, అవి మనకు వద్దు.

దీనికి వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు.

ఖర్చు అంటారు. ఒక్కో సీటుకు కొన్ని వందలు. రైల్లో కిటికీకి వేరే రేటు లేదు. పెద్దలకు, ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది, దానికీ పైసా అదనం లేదు. విమానం వాళ్లు కిటికీకి ధర కట్టడం మాకూ నచ్చదు. నచ్చనంత మాత్రాన ఆ ధర పోదు. కిందటిసారి యాత్రలో ఫ్లెక్సీ బ్యానర్లకు, శాలువాలకు, పూలదండలకు పెట్టినదానిలో సగం పెడితే చాలు, 14 కిటికీలు వస్తాయి. శాలువా ఎవరికి కప్పామో ఈపాటికి మనకే గుర్తు లేదు. పదేళ్ల వయసులో చూసిన కృష్ణ లోయ ఆ బిడ్డకు జీవితాంతం గుర్తుంటుంది.

చందా ఇచ్చినవాళ్లను గౌరవించాలి అంటారు. తప్పకుండా గౌరవిద్దాం. వేదిక మీద ముందు కుర్చీ ఇద్దాం, రశీదు పుస్తకంలో పేరు ముందు రాద్దాం. విమానంలో మాత్రం ఆ పెద్దల్నే అడుగుదాం, మీ చందాతో ఫలానావారి మనవరాలు పెన్నను చూస్తుంది, సమ్మతమేనా అని. కాదనేవాళ్లు మన సంఘంలో ఉన్నారని మేము అనుకోము.

పెద్దవాళ్లకు కిటికీ ఇబ్బంది అంటారు. నిజమే, బాత్‌రూమ్‌కు పోవాలంటే ఇద్దర్ని లేపాలి. అందుకే కిటికీ అక్కర్లేదన్నవాళ్లను బలవంతం చేయొద్దు. అడిగి రాసుకుందాం. భయపడేవాళ్లూ ఉంటారు, వాళ్లకు దారి పక్క సీటే సుఖం.

అందరం ఎక్కాక అడిగి మార్చుకుందాం లెండి అని ఒకరన్నారు. ఇది మాత్రం కూడదు. డబ్బు కట్టి కిటికీ తీసుకున్న బయటి మనిషిని, మాది గుంపు, మీరు లేచి అటు పోండి అనడం మర్యాద కాదు. రైల్లో ఇట్లాంటి తగువులు తీర్చీ తీర్చీ మాకు చాలా అనుభవం. అడిగేవాళ్లు సులువుగా అడుగుతారు, లేచేవాళ్లు మొహమాటానికి లేస్తారు, ప్రయాణమంతా మనసులో తిట్టుకుంటారు. మన సంఘానికి ఆ పేరు వద్దు.

మబ్బులు పడితే డబ్బంతా పోయినట్టే కదా అంటారు. పడొచ్చు. గుడికి పోయిన రోజున కూడా ఒక్కోసారి తెర వేసి ఉంటుంది, అందుకని పోవడం మానుకోము.

ఇక ఎక్కాక చేయాల్సినవి. లేచేటప్పుడు, దిగేటప్పుడు షట్టర్ తెరిచి ఉంచమని వాళ్లే చెబుతారు. మధ్యలో దించేసి సెల్‌ఫోనులో సినిమా పెట్టుకునేవాళ్లకు మన కిటికీ ఇవ్వొద్దు, వాళ్లు మన బిడ్డలైనా సరే. ఫోనులో ఆ ప్రాంతం మ్యాపు ముందే దింపుకోండి. ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా కిటికీ దగ్గర జీపీఎస్ చాలావరకు పనిచేస్తుంది, కింద ఉన్నది ఏ ఊరో చూపిస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, లెన్సు అద్దానికి దగ్గరగా పెట్టండి. ఫొటోలు నాలుగు చాలు, మిగతా సమయం కళ్లతో చూడమని బిడ్డలకు చెప్పండి.

మేము ఒక కాగితం తయారుచేస్తున్నాము. పూండి, కండలేరు, సోమశిల, కంభం, నల్లమల, శ్రీశైలం, ఏది ఎన్నో నిమిషానికి వస్తుందో, ఎట్లా గుర్తుపట్టాలో, పెద్ద అక్షరాలతో తెలుగులో ఉంటుంది. తెలుగు చదవడం రాని బిడ్డలకు పక్కన కూర్చున్న పెద్దలు చదివి వినిపించాలి. ఆ పెద్దలకూ రాకపోతే కింద తమిళ లిపిలో కూడా రాస్తాము. మన ఇళ్లలో సంగతి మనకు తెలియనిది కాదు.

ఆదివారం మీటింగులో ఇది ఓటుకు పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాము. గ్రూపు టికెట్టు తీసుకునేటప్పుడే సీట్ల సంగతి మాట్లాడాలి, తరవాత అడిగితే వరసలు దొరకవు. కనుక వాయిదా వేయకండి. కిటికీ కావలసిన బిడ్డల పేర్లు, వయసు, పక్కన ఎవరు కూర్చుంటారో శనివారం రాత్రిలోపు మాకు చెప్పండి. జాబితా రాసి తెస్తాము.